ముందు బరువు

మల్లీశ్వరి ఆ ప్రశ్న అడిగి మనకు వారమైంది గానీ, ఆత్మకూరు ఆస్పత్రి వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డ ప్రేమానందానికి ఇంకా నిమిషం కూడా కాలేదు. పాపం, ఆయన తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు, మొహం తుడుచుకున్నాడు, తుడవడానికి ఇంకేమీ మిగలక దాన్ని మడతపెట్టి భుజాన వేసుకున్నాడు.

“చెప్పన్నా,” అంది మల్లీశ్వరి మళ్ళీ. “నా తమ్ముడు ఆ రెండో బండి ఎక్కొచ్చునా, ఎక్కగూడదా? నువ్వు లోడు చేసిన పెట్టే గదా. నీకు గాకపోతే ఇంకెవురికి తెలస్తది?”

ఈ వారమే మనతో కలిసినవాళ్ళకు సంగతి చెప్పాలి. ఉదయగిరి అవతల ఒక రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. నల్లరాయిని కోసి, మెరుగుపెట్టి, సమాధి రాళ్ళుగా చెక్కి జర్మనీకి పంపుతుంటారు. రాళ్ళను చెక్క క్రేట్లలో బిగిస్తారు. మద్రాసు హార్బరు నుంచి లారీ మీద ఖాళీ కంటైనరు వస్తుంది. మన ఊళ్ళవాళ్ళు దాన్ని ఇనప పెట్టె అంటారు. ఆ పెట్టెలోకి క్రేట్లు ఎక్కించి, తలుపులు మూసి, సీలు వేసి పంపించడం లోడింగ్ మేస్త్రి ప్రేమానందం పని. ఇన్నేళ్ళుగా ఇరవై అడుగుల పెట్టెలే వచ్చేవి. ఈసారి మద్రాసులో చిన్న పెట్టెలు దొరక్క నలభై అడుగులవి రెండు వచ్చాయి. రెండూ ప్రేమానందమే లోడు చేశాడు. మొదటిది తీసుకుని బయల్దేరిన మునెయ్య ఆత్మకూరు చేరకముందే, కాలువ వంతెన మలుపులో బోల్తా కొట్టాడు. రెండోది ఫ్యాక్టరీలో సిద్ధంగా నిలబడి ఉంది. దాని డ్రైవరు వెంకటకృష్ణ. మునెయ్య పెళ్ళాం మల్లీశ్వరికి సొంత తమ్ముడు. అదీ సంగతి.

“నాకు తెలిస్తే చెప్పనా మల్లీశ్వరీ?” అన్నాడు ప్రేమానందం ఎట్టకేలకు. “లోడు బాగనే చేసినాను. ఒక్క క్రేటు కదలకుండా సరుగుడు దుంగలు ఇరికించి మేకులు కొట్టించినాను. పెట్టె చూస్తే పెద్దది. లారీ చూస్తే కొత్తది. నీ మొగుడు చూస్తే ఇరవై ఏండ్లుగా తోలతా ఉండాడు. మరి ఎందుకు తిరగబడినట్టు? రెండు రోజులుగా అన్నం తింటా ఉన్నా అదే ఆలోచన, పండుకున్నా అదే ఆలోచన. నా బుర్రకు అందలేదమ్మా.”

“ఆయన తాగి తోలినాడని ఫ్యాక్టరీ వాళ్ళు అంటా ఉండారు.”

“నేనట్ట అనలేదు.”

“నువ్వు అనలేదు. కాదని కూడా అనలేదు గదన్నా!”

ప్రేమానందం తల వంచుకున్నాడు. లోపల మంచం మీద మునెయ్య తొడదాకా కట్టుతో పడుకుని ఉన్నాడు. ఎవరు వచ్చి అడిగినా ఒకే మాట చెబుతున్నాడు. “మేకలు అడ్డమొచ్చినాయి. బ్రేకేసినాను. అంతే. ఎందుకు తిరిగిందో నాకు తెలీదు.” క్లీనరును అడుగుదామంటే ఆ మహానుభావుడు అప్పుడు నిద్రలో ఉన్నాడు. దెబ్బ తగిలాక లేచాడు. వాడికి తెలిసిందల్లా తన మోచెయ్యి చెక్కుకుపోవడం ఒక్కటే.

“మద్రాసు నుంచి సర్వేయరు వచ్చినాడంట, సరుకు నష్టం లెక్కగట్టే ఆయన,” అన్నాడు ప్రేమానందం. “పెట్టె తలుపు ఈ పొద్దు ఆయన ముందర తీస్తారు. నన్ను రమ్మన్నారు. పోయి చూస్తే ఏందో తెలస్తది.”

“అయితే పో. చూసి నాకు చెప్పు. మధ్యాన్నం తమ్ముడు బయల్దేరాల. వాడు నా మాట ఇనడు, ఆడదానికి భయం ఎక్కువంటాడు. నువ్వు ఎక్కమంటే ఎక్కతాడు, వద్దంటే ఉద్యోగం పోయినా దిగతాడు. చిన్నప్పటి నుంచీ నీ చేతి లోడులే చూస్తా పెరిగినాడు.” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఒకడు మంచాన ఉండాడు. ఇంకొకణ్ణి పోగొట్టుకోలేను అన్నా. నాకు శక్తి లేదు.”

అన్నీ విని ప్రేమానందం “సరేమ్మా” అన్నాడు. ఇంకేమంటాడు?

* * *

వంతెన దగ్గరికి పోయే షేర్ ఆటోలో కూర్చుంటే నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. ఒకాయన మునెయ్యకు నిద్ర పట్టేసిందన్నాడు. ఒకామె ఆ మలుపు మంచిది కాదంది. ఇంకొకడు అసలు తప్పు రాళ్ళదేనన్నాడు. సమాధి రాళ్ళంట, దొరల పేర్లు రాసున్నాయంట, ఆ పేర్లవాళ్ళు ఊరుకుంటారా అని వాడి అనుమానం. అవి వట్టి రాళ్ళు, పేర్లు అక్కడికి పోయాక చెక్కుతారు అని ప్రేమానందం చెప్పాడు. “పేరు లేకుంటే ఇంకా కష్టం గదయ్యా, ఎవురిదో తెలీదు” అన్నాడు వాడు. ఇంతటి తెలివికి ప్రేమానందం మనసులోనే దణ్ణం పెట్టాడు.

ఆయనకు అసలే తల తిరుగుతోంది. ఆ బండి బయల్దేరేటప్పుడు ఏ లోటూ చెయ్యలేదు. బాప్టిస్టు పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మునెయ్య చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. క్లీనరు ఏ.ఎస్. పేట దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు అద్దానికి కట్టాడు. అందరు దేవుళ్ళకూ చెప్పి పంపిన బండి నలభై కిలోమీటర్లు పోకుండానే పడిపోతే మనిషి ఎవర్ని అడగాలి?

పోనీ లోడులో లోపముందా అంటే, లోడు సంగతి ప్రేమానందానికి చెప్పేవాడు ఉదయగిరిలో పుట్టలేదు. వాళ్ళ నాయన ఎద్దుల బండి తోలేవాడు. ఉదయగిరి కట్టెలు, చింతపండు, పొగాకు ఆత్మకూరు దాకా వేసుకొచ్చేవాడు. పదేళ్ళ వయసు నుంచీ ప్రేమానందం ఆ బండి లోడు చేశాడు, తర్వాత తోలాడు, లారీలు వచ్చి బండ్లు మూలపడ్డాక ఫ్యాక్టరీలో చేరాడు. ఆయన చేతి లోడు కదిలిందన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు.

మలుపు దగ్గర ఆటో దిగేసరికి ఎండ మండిపోతోంది. తొంభై ఆరు వేసవి, ఆ రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. ఉదయగిరి వైపు నుంచి రోడ్డు దిగుతూ వచ్చి, వంతెన ముందు వంకర తిరుగుతుంది. ఆ వంకరలో లారీ పక్కకు పడి ఉంది. పెట్టె పొలం గట్టుకు ఒరిగి ఉంది. రోడ్డు పక్కన టీ కొట్టు, దానికి ఆనుకునే టెలిఫోను బూత్ ఉండటంతో జనానికి చూడ్డానికీ, తాగడానికీ, మాట్లాడ్డానికీ వసతిగా ఉంది. రెండు రోజులుగా ఆ కొట్టుకు గిరాకీ అంతా ఇంతా కాదు.

సర్వేయరు పేరు రమణయ్య. మద్రాసు నుంచి వచ్చిన ఓడల కంపెనీ మనిషి. సన్నగా, చేతి రుమాలు కాలరు కింద దోపుకుని, చూపుడు వేలితో కళ్ళజోడు పైకి నెట్టుకుంటూ ఉన్నాడు. సీలు తెగ్గొట్టించి తలుపు తీయించాడు. ఒరిగిన పెట్టెలోకి ఇద్దరూ వంగి చూశారు.

వెనక సగం ఖాళీ. ముందు సగంలో క్రేట్లు రెండు వరసల్లో అట్లాగే ఉన్నాయి. పక్కకు నొక్కుకుపోయాయి, రెండు మూడు చెక్కలు విరిగాయి, కానీ ఒక్కటంటే ఒక్కటి వెనక్కి జారలేదు. ప్రేమానందం గుండె కుదుటపడింది. ‘ప్రభువా, నీకు స్తోత్రం’ అనుకున్నాడు.

“చూసినారా సార్? లారీ తిరగబడినా నా కట్టు ఊడలేదు!”

“కట్టు బాగుంది మేస్త్రీ. నేను హార్బర్లో కూడా ఇంత గట్టి కట్టు చూడలేదు,” అన్నాడు రమణయ్య. “మరి అన్నీ ముందు సగంలోనే ఎందుకు పేర్చారు?”

ప్రేమానందానికి నవ్వొచ్చింది. చదువుకున్నవాళ్ళు ఇట్లాంటివి అడుగుతారు. “ముందు గాక యాడ పెడతారు సార్? బరువు ఎనక్కి పోతే కాడి పైకి లేస్తది. ఎద్దుల గొంతు పట్టేస్తది. బరువు ఎప్పుడూ ముందుకే ఉండాల. మా నాయన లోడు అయినాక కాడి మీద చెయ్యి పెట్టి చూసేవాడు, చేతికి బరువు తగిలితేనే బండి కట్టమనేవాడు. నేనూ అంతే.”

“ఎద్దులేవి మేస్త్రీ?”

“ఆఁ?”

“ఎద్దులేవి ఇక్కడ?”

ప్రేమానందం పడిపోయిన లారీ ఇంజను వైపు చూశాడు. ఎద్దులు లేవు నిజమే. దాని చక్రాలు చూశాడు. వెనక ట్రైలరు చక్రాలు చూశాడు. ఏదో అర్థమయ్యేటట్టు ఉంది, మళ్ళీ జారిపోయింది.

“సార్, ఎద్దులు లేవు సరే. నేను అడిగేది ఒకటే. ఇవే ఇరవై క్రేట్లు ఇన్నేండ్లూ చిన్న పెట్టెలో పంపినాను. ఏమీ కాలేదు. ఇప్పుడు పెట్టె రెండింతలు పెద్దది. లోడు అంతే. అంటే సుఖంగా పోవాలా, వద్దా? ఇరుకు ఇంట్లో క్షేమంగా ఉన్న సంసారం పెద్ద ఇంట్లోకి పోయి ఎట్ట కూలిపోతది?”

రమణయ్య టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఆయన్ని కూడా కూర్చోమన్నాడు. విసుక్కోలేదు. “పెట్టెల్లో చాలా రకాలున్నాయి మేస్త్రీ. రొయ్యలకు చల్లగా ఉండే పెట్టె. పెద్ద మిషన్లకు పైకప్పు లేని పెట్టె, క్రేనుతో పైనుంచి దించుతారు. దూదికీ బట్టలకీ నలభై అడుగులది, అవి తేలిక, చోటు ఎక్కువ కావాలి. రాళ్ళకు ఇరవై అడుగులదే. ఎందుకంటే పెట్టె రెండింతలైతే మోసే బరువు రెండింతలు కాదు. చిన్నది ఇరవై ఒక్క టన్నులు మోస్తే, పెద్దది ఇరవై ఆరు మోస్తుంది. అంతే తేడా.”

“నా లోడు ఇరవై టన్నులే గద సార్. లెక్కలోనే ఉండాది.”

“మొత్తం లెక్కలోనే ఉంది. ఎక్కడ ఉందన్నదే గొడవ. చిన్న పెట్టెలో మీరు బరువంతా ముందుకు పెట్టాలనుకున్నా పెట్టలేరు. తలుపు దాకా నిండిపోతుంది. ఇన్నేళ్ళూ ఆ పెట్టే మిమ్మల్ని కాపాడింది. ఇది నలభై అడుగులది. ఇక్కడ మీ ఇష్టం వచ్చిన చోట పెట్టుకోవచ్చు. మీరు మీ నాయన చెప్పిన చోట పెట్టారు.”

ప్రేమానందానికి ఈసారి కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషిని ఇందులోకి లాగడమేంది? “మా నాయన లోడు ఏనాడూ పడలేదు సార్!”

“పడదు. బండికి ఉన్నవి రెండే చక్రాలు, అవి మధ్యలో ఉంటాయి. అక్కడ ముందు బరువు ఉండాల్సిందే. దీనికి ముందు ఇంజను కింద చక్రాలు, చివర్లో ట్రైలరు చక్రాలు. సగం బరువు వాటి మీద, సగం వీటి మీద పడాలి. క్రేట్లు నేలంతా పరవాలి, మధ్య సందుల్లో కొయ్యలు ఇరికించాలి. మీరంతా ముందుకు పెట్టేసరికి వెనక చక్రాలు ఊరికే దొర్లుతూ వచ్చాయి, నేలను గట్టిగా పట్టుకోలేదు. రండి, చూపిస్తాను.”

రోడ్డు మీదికి తీసుకెళ్ళి నల్లటి చారలు చూపించాడు. రెండు చారలు రోడ్డు వెంట వచ్చి, మలుపు దగ్గర విల్లులా వంగి, అవతలి వైపుకు వెళ్ళిపోయాయి. “ఇవి వెనక చక్రాల చారలు. ఎటు పోయాయో చూడండి.”

అప్పటిదాకా దోటి కర్ర చేత్తో పట్టుకుని ఒక వారగా నిలబడ్డ మేకల ఓబయ్య గబగబా ముందుకొచ్చాడు. అడ్డం వచ్చిన మేకలు ఈయనవే. “నేను అదే గదయ్యా రెండు రోజులుగా మొత్తుకోనుండేది! తల కన్నా తోక ముందొచ్చింది సామీ! నా కళ్ళతో చూసినాను. డ్రైవరు బ్రేకు కొట్టినాడు, ఇంజను నా దిక్కే చూస్తా ఉండాది, ఎనక పెట్టె మాత్రం పక్కనించి ముందుకొచ్చేసింది. చెప్తే తాగి చూసినావంటారు. డ్రైవరూ తాగినోడే, నేనూ తాగినోడినే, ఇంక తాగనోడు ఈ ఊళ్ళో ఎవడంట?”

జనం నవ్వారు. ప్రేమానందం నవ్వలేదు. తోక ముందెట్లా వస్తుంది? ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆయన బుర్రలో ఎద్దులూ, ఇంజనూ, తోకా అన్నీ కలగాపులగమయ్యాయి. “సార్, ఈయన చెప్పేది నిజమేనా? తోక ముందొస్తదా?”

“మీకు సైకిల్ తొక్కడం వచ్చా?”

ఇదేం ప్రశ్న అనుకున్నాడు ప్రేమానందం. రమణయ్య టీ కొట్టాయన సైకిల్ తీసుకుని, రోడ్డు దిగి, గులకరాళ్ళున్న బాట మీద పెట్టాడు. “మొదట ఓబయ్యను క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని తొక్కండి. వేగం అందుకున్నాక వెనక బ్రేకు ఒక్కటే పట్టండి.”

యాభై దాటిన మేస్త్రి, అరవై దాటిన మేకల కాపరి ఒక సైకిల్ మీద పోతుంటే జనానికి పండగే. ప్రేమానందం బ్రేకు పట్టాడు. సైకిల్ కొంచెం ఈడ్చుకుని నిలువునా ఆగింది.

“ఇప్పుడు ఓబయ్య దిగాలి. మీరు సీటు మీద కూర్చోవద్దు. పెడల్స్ మీద లేచి నిలబడి, ఛాతీ హ్యాండిల్ మీదికి వంచండి. బరువంతా ముందుకు. మీ నాయన చెప్పినట్టే. మళ్ళీ వెనక బ్రేకు పట్టండి.”

ప్రేమానందం అట్లాగే తొక్కాడు. బ్రేకు పట్టాడు. అంతే, వెనక చక్రం జర్రున పక్కకు జారిపోయింది. ఏమైందో తెలిసేలోపల ఆయన ముళ్ళకంప మీద ఉన్నాడు. సైకిల్ ఆయన మీద ఉంది. వెనక చక్రం హ్యాండిల్ పక్కకు వచ్చి, గిర్రున తిరుగుతూ ఆయన మొహం ముందు ఉంది.

జనం ఈలలు వేశారు. “చూసినారా, తోక ముందొచ్చింది!” అని ఓబయ్య చప్పట్లు కొట్టాడు. ప్రేమానందం లేవలేదు. ముళ్ళు గుచ్చుకున్నాయని కూడా తెలియలేదు. రెండు రోజుల నుంచీ అర్థంకానిది ఒక్కసారిగా అర్థమైంది. మునెయ్య తాగలేదు. మలుపు మంచిదే. రాళ్ళు వట్టి రాళ్ళే. మేకలు అడ్డమొస్తే ఏ డ్రైవరైనా బ్రేకు వేస్తాడు. ఆ బ్రేకు వెయ్యగానే పడిపోయేటట్టు బండిని తయారుచేసి, మేకులు కొట్టి, సీలు వేసి, ‘పోయిరా మునెయ్యా’ అని పంపింది తానే. తన చేత్తోనే ఆ మనిషి కాలు విరగ్గొట్టాడు. ఆ పైన ఊరంతా తాగుబోతంటుంటే నోరు మూసుకుని విన్నాడు.

“పెద్ద దెబ్బ తగిలిందా మేస్త్రీ?” అన్నాడు రమణయ్య చెయ్యి అందిస్తూ.

“సార్...” ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. “సార్, రెండో పెట్టె కూడా నేను అట్టనే లోడు చేసినాను.”

రమణయ్య మొహం మారిపోయింది. “ఎక్కడుంది అది?”

ప్రేమానందం జవాబు చెప్పకుండా టెలిఫోను బూత్‌లోకి పరుగెత్తాడు. కంగారులో రెండుసార్లు నంబరు తప్పు తిప్పాడు. మూడోసారి ఫ్యాక్టరీ మేనేజరు సురేంద్రబాబు పలికాడు.

“బాబూ, రెండో బండి ఆపేయండి! లోడు దించాల. ఎనక్కి సర్దాల. నేనొస్తా ఉండా.”

“ఇంకేం ఆపేది మేస్త్రీ? బయల్దేరి గంట దాటింది.”

“మధ్యాన్నం గదా అన్నారు!”

“హార్బర్ నుంచి ఫోనొచ్చింది, రేపు పొద్దునకల్లా గేటు లోపల ఉండాలట. అందుకే ముందే పంపించాను. ఆ కుర్రాడు మొదట మొండికేశాడు. మా అక్క మేస్త్రినడిగి చెప్తానంది, ఆ కబురు రానీండి అన్నాడు. నేనే నచ్చజెప్పాను. ఒరే, అది ప్రేమానందం మేస్త్రి చేతి లోడు, కళ్ళు మూసుకుని తోలుకుపోవచ్చు అన్నాను. మీ పేరు చెప్పగానే ఎక్కాడు. ఎందుకు, ఏమైంది? హలో... మేస్త్రీ?”

ప్రేమానందం ఫోను వదిలేసి బయటికి పరుగెత్తి, బండి బయల్దేరి గంట దాటిందని రమణయ్యకు చెప్పాడు.

రమణయ్య అటూ ఇటూ చూశాడు. ఆయన వచ్చిన టాక్సీ భోజనానికని ఆత్మకూరు పోయింది. “గంట దాటితే ఇక్కడికే వస్తుంటాడు,” అన్నాడు. “కంగారు పడకండి. బ్రేకు గట్టిగా తొక్కకపోతే ఏమీ కాదు. గేరు తగ్గించుకుంటూ, మెల్లమెల్లగా...”

ఆ మాట పూర్తి కాకముందే ప్రేమానందం సైకిల్ లేవనెత్తి రోడ్డెక్కాడు. దాని హ్యాండిల్ వంకర పోయింది, చెయిను కరకరలాడుతోంది. అయినా ఎత్తు మీదికి తొక్కాడు. ఆయన ఆలోచన ఒక్కటే. దిగుడు మొదలుకాకముందే, చదును మీదనే వాణ్ణి ఆపాలి. మలుపు దాకా రానిస్తే పని అయిపోతుంది. మలుపులో పడిపోయిన లారీ, రోడ్డు నిండా జనం, వాళ్ళని చూసి ఎట్లాగూ బ్రేకు తొక్కుతాడు. బావ పడిన చోటే బామ్మరిది పడతాడు. మల్లీశ్వరి మొహం ఎట్లా చూడాలి? ‘ఒకడు మంచాన ఉండాడు’ అంది ఆ తల్లి. ‘ప్రభువా, ప్రభువా’ అనుకుంటూ తొక్కాడు. ఊపిరి అందలేదు. సైకిల్ అక్కడే పారేసి పరుగు తీశాడు.

ఇంకా సగం ఎత్తు కూడా ఎక్కలేదు. పైన ఎండలో ఒక నల్లటి చుక్క లేచింది. చుక్క పెద్దదైంది. లారీ ముక్కు, దాని వెనక ఎర్రటి ఇనప పెట్టె. నలభై అడుగులది. చదును దాటేసి దిగుడులోకి వచ్చేసింది.

ప్రేమానందం ఆలోచించలేదు. రోడ్డు నడిమధ్య నిలబడ్డాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి, రెండు చేతులూ పైకెత్తి, ఊపడం మొదలుపెట్టాడు. “ఆపరా అబ్బయా! ఆపరా! ఒరే వెంకటకృష్ణా!” అని గొంతు చించుకున్నాడు.

లారీ హారను మోగించింది. దగ్గరికొస్తోంది. అద్దం వెనక డ్రైవరు ఆకారం కనిపించింది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, ఆయన చేతులు గాలిలోనే బిగుసుకుపోయాయి.

తనేం చేస్తున్నాడు? ఆపమంటున్నాడు. దిగుడులో, ఇరవై టన్నుల ముందు బరువుతో వస్తున్న బండిని ఆపమంటున్నాడు. వాడు ఆపాలంటే ఏం చేస్తాడు? రోడ్డు మధ్య మనిషి నిలబడి చేతులూపుతుంటే ప్రపంచంలో ఏ డ్రైవరైనా ఏం చేస్తాడు? మేకలకే బ్రేకు వేసిన కుటుంబం అది. మనిషికి వెయ్యరా?

బ్రేకు వెయ్యొద్దు, మెల్లగా గేరు తగ్గించుకుంటూ రా అని చెప్పడానికి చేతులతో సైగ ఏముంది? ఏదీ లేదు. “తొక్కొద్దురా! బ్రేకు తొక్కొద్దు!” అని అరిచాడు. ఆ మాట ఇంజను మోతలో ఆయనకే వినపడలేదు. చేతులు కిందికి దించేశాడు. తుండుగుడ్డ పారేశాడు. అడ్డం తప్పుకుంటే వాడు బ్రేకు వెయ్యడనే ఆశతో రోడ్డు దిగి కంపలోకి దూకాడు. కానీ లారీ అప్పటికే దగ్గరికొచ్చేసింది. కిటికీలోంచి వెంకటకృష్ణ తల బయటికి పెట్టాడు. మొహం కనిపిస్తోంది, మీసం కనిపిస్తోంది.

వాడు మేస్త్రిని గుర్తుపట్టాడు. మేస్త్రి ఆపమన్నాడంటే ఏదో కారణం ఉండే ఉంటుందనుకుని, బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు.